బ్రెజిల్‌ల దేవరకొండ

ఐలేశం సారు బ్రెజిల్ పాఠం చెప్తున్నడంటే ఎనిమిదో తరగతి గదిల ఒక్క పోరడు గూడ మిగులకపోతుండె. బడి ఎనుక గడ్డి మొలువని ఎర్రటి బీడు ఒకటున్నది. ముప్పయి ఒక్క మందిని ఆడికి తోలుకపోయి, చేతుల తుమ్మకట్టె పట్టుకొని నేల మీద గీత గీసుకుంట పోతుండె. ఒక కాలు వంగదు ఆయనకు. ఆ కాలు ఈడ్చుకుంటనే పడమటికి ముప్పయి అడుగులు, తూర్పు దిక్కు ఒక ముక్కు, ఆడికెల్లి కిందికి సన్నగ ఒక తోక. గీసుడు అయినంక చూస్తే దుకాణంల ఏలాడగట్టిన మేకతొడ లెక్క ఉంటుండె.

"గిదే బ్రెజిల్. దక్షిణ అమెరికల సగం జాగ గీ ఒక్క దేశానిదే. మన తెలంగాణలు డెబ్బై అయిదు పడుతయి దీంట్ల," అంటుండె. "ఇగ దీన్ని మన ఊర్లతోటి నింపుదాం పాండ్రి."

ఆయన పద్ధతే అది. పుస్తకంల పేర్లకు పిల్లల నోరు తిరుగదు, తిరిగినా తెల్లారేసరికి యాదికుండదు. అందుకే ముందుగాల మన పేర్లు పెడుతుండె. మీది అంచు పొంటి పడమటికెల్లి తూర్పుకు పారే పెద్దనది కృష్ణ. దాని చుట్టూ ఏడాది పొడుగూత వాన కొట్టే అడవి అమ్రాబాదు. నడిమిట్ల రాళ్లు, ఎత్తు జాగ, అది దేవరకొండ. తూర్పు ముక్కుకాడ బొక్కలు తేలిన పశువులు తిరిగే కరువు జాగ మర్రిగూడ. కింద రెండు దేశాలు పంచుకొని కట్టుకున్న డ్యాము నందికొండ. నడిమిట్ల సర్కారు కూసునే ఊరు పట్నం. ఒక్కొక్క జాగల ఒక్కొక్క పిల్లను నిలవెట్టి, కృష్ణ ఒడ్డు పొంటి పోరగాండ్లను ఉరికిస్తుండె. ఉరికెటోళ్లు దుమ్ము లేపుకుంట సముద్రంల పడుతుండ్రి. సముద్రమంటే బడి మూత్రశాల గోడ.

మర్రిగూడ జాగల ఎప్పుడైనా త్రివేణే నిలవడుతుండె. గొర్లు కాసే కాటమయ్య బిడ్డ. బక్కది, గట్టి గొంతు.

"సముద్రం పక్క పొంటే ఉన్నది గదా, మరి ఆడ కరువెందుకే పిల్లా?" అని అడుగుతుండె సారు.

"మబ్బు గుట్టలకు తాకి అటు దిక్కే కురుస్తది సార్. ఇటు దిక్కు ఒట్టి గాలే వస్తది."

"నది పోతాంది గదా పక్క పొంటి?"

"పోతే? నందికొండ కాడ సముద్రమంత నీళ్లున్నయి, మన బావులల్లకు వచ్చినయా సార్? నీళ్లు కిందికి పోతయి. ఎత్తు మీదోళ్లు చూసుకుంట ఉండాలె, గంతే. ఎండకాలం మా బాపు గొర్లను తోలుకొని కృష్ణ ఒడ్డుకు పోయినట్టే ఆడి జనం ఆవులను తోలుకొని పోతరు."

ఆ మాట ఏ పుస్తకంల లేదు. ఐలేశం సారు కట్టె కింద పెట్టి, "శెభాష్ బిడ్డా!" అని నెత్తి మీద చెయ్యి పెడుతుండె. పిల్ల ఆ రోజంతా నేల మీద నడువకపోతుండె.

ఇంత మంచిగ చెప్పే మనిషి సర్కారు సారు కాదు. విద్యావలంటీరు. అంటే పని సారుది, కొలువు గాలిది. జీతమని పేరే గని అది ఎప్పుడొస్తదో ఇచ్చెటోనికి తెల్వదు, తీసుకునెటోనికి తెల్వదు. ఎప్పుడు వద్దంటే అప్పుడు సంచి చంకల పెట్టుకొని ఇంటికి పోవాలె. ఎందుకని అడుగనీకి లేదు.

ఆయన పుట్టిందీ ఈ బడి ఉన్న ముదిగుట్టలనే, గొల్లోళ్ల ఇంట్ల. తాగిన ఫ్లోరైడు బావి నీళ్లకు ఎనిమిదేండ్లకే పండ్లు పసుపుపచ్చగైనయి, కుడి మోకాలు బిగుసుకపోయింది. కాళ్లు మంచిగున్న అన్నదమ్ములు గొర్ల ఎంబడి పోయిండ్రు. వీడు నడువలేడు, ఇంట్ల కూసుండవెట్టి తిండి వెట్టుడెందుకని తండ్రి బడిల ఏసి వచ్చిండు. సదువు మీది ప్రేమ గాదు, పాడు గాదు. బడిల అప్పటి లెక్కల సారు నోరు మురికి కాలువ. వీడు ఎక్కం తప్పినప్పుడల్లా "గొర్లు కాసే బుద్ధి యాడికి పోతదిరా నీకు!" అని అందరి ముంగట అంటుండె. పిల్లలు గొర్రె లెక్క అరుస్తుండ్రి. ఆ మాట ముప్పయేండ్లయినా ఆయన చెవులల్ల ఉన్నది. పెండ్లయిన కొత్తల పెండ్లానికి చెప్పుకుంట ఏడ్చిండు గూడ.

గా పంతానికే సదివిండు. పది రెండుసార్లు తప్పిండు, మూడోసారి గట్టెక్కిండు. డిగ్రీ చేసిండు, బీఎడ్ చేసిండు. సార్ల కొలువుల పరీక్ష మూడుసార్లు రాసి మూడుసార్లు అంచుల కాడికి వచ్చి జారిండు. రాష్ట్రమొస్తే కొలువులొస్తయని దేవరకొండ చౌరస్తల ఎండల కూసొని నినాదాలు చెప్పిండు. రాష్ట్రమొచ్చింది. కొలువు రాలే. నలభై దగ్గర పడ్డంక ఈ వలంటీరు పని దొరికింది. దొరికిన నాటి నుంచి ఊర్లె పెద్దోళ్లు గూడ "సారూ" అంటున్నరు. చాయ్ హోటల్ల బెంచీ మీద జర జరిగి జాగ ఇస్తున్నరు. ఆ ఒక్క పిలుపు కోసం ఆ మనిషి ఏమన్నా చేస్తడు. ఏమన్నా అంటే ఏమన్నానే, ముందుకు చూస్తరు గదా.

రెండు వేల పందొమ్మిది దసరా నాటి సంగతి ఇది. సెలవులిచ్చే నాటికి పిల్లలకు బ్రెజిల్ మొత్తం అరచేతుల ఉన్నది, గని మన పేర్లతోటే. అసలు పేర్లు సెలవులైనంక చెప్తనని ఐలేశం అనుకున్నడు. ప్రతి ఏడాది గట్లనే చెప్తుండె. "గింతకాలం కృష్ణ అన్నం గదా, దాని అసలు పేరు అమెజాన్," అని ఒక్కనాడు బోర్డు మీద రాసిండంటే పిల్లలకు చటుక్కున ఎక్కుతుండె. గని ఆ ఏడాది ఆర్టీసీ బస్సుల సమ్మె వచ్చె. దసరా సెలవులు పొడిగిచ్చిరి. బడి తెరిచిన మూడు రోజులు హెడ్మాస్టరు రాంచందర్ సారు ఐలేశాన్ని తరగతికి పోనియ్యలే. కంప్యూటర్ ముంగట కూసోవెట్టి పిల్లల వివరాలన్నీ ఎక్కిపిచ్చిండు. నాలుగో దినం పొద్దుగాల పై ఆఫీసోళ్లు ఎవరికీ చెప్పకుంట వచ్చి పరీక్ష పెట్టిండ్రు. పిల్లలకు ఏం వచ్చునో చూసేటందుకట.

కాయితం మీద బ్రెజిల్ బొమ్మ. అయిదు చుక్కలు. వాటి పేర్లు రాయాలె.

ముప్పయి ఒక్క మంది సంబురంగ రాసిండ్రు. కృష్ణ. దేవరకొండ. మర్రిగూడ. నందికొండ. పట్నం. ఒక్కడు గూడ తప్పలే! చుక్కలు ఎక్కడున్నయో అంత మందికీ తెల్సు. కింద "ఈ దేశంల కరువు ఎందుకొస్తదో రాయండి" అన్న ప్రశ్నకు త్రివేణి పేజీ నింపింది. మబ్బులు, గుట్టలు, ఎత్తుకు ఎక్కని నీళ్లు, వాళ్ల బాపు గొర్లు, అన్నీ రాసి, మీద తన పేరు ముత్యాల లెక్క రాసి ఇచ్చింది.

కాయితాలు దిద్దినాయన ఎవరో, చల్లగుండ, త్రివేణి కాయితాన్ని ఫోన్ల ఫోటో తీసిండు. "బ్రెజిల్ రాజధాని పట్నమట, చూడండి మన బడుల సంగతి" అని రాసి సార్ల గ్రూపుల ఏసిండు. ఆ గ్రూపుకెల్లి ఇంకో గ్రూపుకు, ఆడికెల్లి రామన్నపేట దాక, పాలమూరు దాక పోయింది. నవ్వినోళ్లే గని చదివినోడు లేడు. మూడో దినం పేపర్ల లోపలి పేజీల ఒక ముక్క వచ్చింది. త్రివేణి పేరు, బడి పేరు, ముదిగుట్ట పేరు అన్నీ ఉన్నయి. గా కరువు మీద రాసిన పేజీ మాత్రం లేదు. అది ఎయ్యనీకి వాళ్లకు జాగ సరిపోలేదేమో.

అయిదో దినానికి పై నుంచి ఫోన్ వచ్చింది. సోమవారం ఆఫీసరు వస్తడు, పిల్లలను అడుగుతడు, తప్పు వలంటీరుదైతే ఆ దినమే తీసేసి కాయితం చేతుల పెట్టి పోతడు.

రాంచందర్ సారు ఐలేశాన్ని గదిలకు పిలిచి తలుపు దగ్గరికేసిండు. ఆయన చెడ్డోడని అందామంటే గాదు. మనుమరాలి పుట్టినరోజుకు బడి మొత్తానికి చాక్లెట్లు పంచిన మనిషి. గని ఇంకొక ఏడాదిల పింఛను తీసుకునెటోడు. ఆ ఏడాదిని గుడ్డును మోసినట్టు మోస్తున్నడు.

"ఐలేశం, నువ్వు గీసిన గీతలు నాకు తెల్సు. నేను గూడ కిటికీలకెల్లి చూసిన. మంచిగనే చెప్పినవ్. గని గా మాట సోమవారం నడువదు."

"మరేం చేద్దాం సార్?"

"ఒక పిల్ల తప్పు రాసింది. తతిమ్మోళ్లు ఆ పిల్లను చూసి ఎక్కిచ్చుకున్నరు. గంతే. చూచిరాత కేసు అయితది. నీకు గాదు, నాకు గాదు."

"ఏ పిల్ల సార్?"

"పేపర్ల పేరొచ్చిన పిల్ల ఉండనే ఉన్నది గదా. ఇంకో పేరెందుకు చెడగొట్టాలె?" అన్నడు రాంచందర్ సారు. "చిన్నపిల్ల. నాలుగు రోజులల్ల మరిచిపోతది. నీకు నలభై దాటినయి, నిన్ను మల్ల ఎవడు పిలుస్తడు? ఆలోచించుకో."

ఐలేశం ఇంటికి పోయి పెండ్లం నాగరాణికి చెప్పిండు. నాగరాణి జాకెట్లు కుట్టుకుంట ఇన్నది. మిషను ఆపలే.

"గా పిల్ల మీద ఎట్ల పెడ్తవయ్యా? నువ్వు చెప్పిందే గదా రాసింది?"

"మరి నేను పోవాల్నా? రేపటి నుంచి మల్ల ఐలేశంగాడు అనిపిచ్చుకోవాల్నా?" అని లేచి అరిచిండు.

"నువ్వు ఐలేశానివే గదా," అన్నది ఆమె.

ఆ మాటకు అన్నం ముంగట నుంచి లేచిపోయిండు. కోపం వచ్చిందని కాదు, భయమయ్యింది. నిజం చెప్తే ఏమైతదో ఆయనకు తెల్సు. సంచి చంకల పెట్టుకొని, కాలు ఈడ్చుకుంట ఊరి నడిమిట్లకెల్లి ఇంటికి రావాలె. హోటల్ బెంచీ మీద ఎవ్వడు జరుగడు.

సోమవారం ఆఫీసరు తెల్ల కార్ల దిగిండు. సన్నటి మనిషి, మెత్తని మాట. ఎనిమిదో తరగతిల కుర్చీ ఏసిండ్రు. పక్కన రాంచందర్ సారు, బోర్డు కాడ ఐలేశం. పిల్లలు ఆ దినం తలలకు నూనె పెట్టుకొని వచ్చిండ్రు.

"త్రివేణి ఎవరమ్మా?"

ఆ పిల్ల లేచింది. లేచింది గాదు, ఎగిరింది. పేపర్ల పేరొచ్చిందని ఊర్లె చెప్పుకున్నరు గదా, ఏం వచ్చిందో చదివి చెప్పెటోడు ఆ ఇంట్ల లేడు. మంచి పేరే వచ్చిందని అనుకున్నది. కార్లకెల్లి దిగిన మనిషి తనకు బహుమానం ఇచ్చిపోనీకి వచ్చిండని కొత్త గౌను తొడుక్కొని వచ్చింది. పాడుగాను ఆ గౌను! ఎర్ర పువ్వులది.

"బ్రెజిల్‌లో దేవరకొండ ఉందా అమ్మా?"

"ఉన్నది సార్!" అన్నది ఖులాసగ. "నడిమిట్ల ఉన్నది. ఎత్తు జాగ. దాని మీదికెల్లి నదులు అటు ఇటు దిగుతయి. బయట గీసి చూపియ్యాల్నా సార్?"

ఆఫీసరు నవ్విండు. పక్కకు తిరిగి రాంచందర్ సారు దిక్కు చూసి మల్ల నవ్విండు. ఆ రెండో నవ్వుతోటి పిల్ల మొఖం జర మారింది.

"ఇది నీకు ఎవరు చెప్పారు?"

త్రివేణి ఐలేశం దిక్కు చూసింది. ముప్పయి మందీ చూసిండ్రు. ఓ ఐలేశం, గప్పుడన్నా నోరు మూసుకొని నిలవడితే అయిపోతుండె గదా! నిలవడలే. పిల్ల నోరు తెరవకముందే తనే అందుకున్నడు.

"నేను చెప్పలే సార్. నేను పుస్తకంల ఉన్నదే చెప్పిన. అమెజాన్, బ్రెజిల్ పీఠభూమి, బ్రసీలియా, అన్నీ బోర్డు మీద రాసి చెప్పిన. ఈ పిల్ల సొంతంగ రాసింది. మిగిలినోళ్లు దీన్ని చూసి ఎక్కిచ్చుకున్నరు."

ఆఫీసరు ఆయన మొఖం దిక్కు ఒక నిమిషం చూసిండు. నమ్మలేదని ఐలేశానికి అర్థమయ్యింది. రాంచందర్ సారు నేల చూపులు చూస్తున్నడు. ఇంకా ఒక మాట పడితేనే తనను తీసేసే కాయితం పక్కకు పోతదని తెలిసి, ఆ మనిషి ముప్పయేండ్లు తను మోసిన మాటనే తీసి ఆ పిల్ల మీద ఏసిండు.

"గొర్లు కాసే బుద్ధి యాడికి పోతది సార్! ఎంత చెప్పినా దీనికి సదువు ఎక్కది."

నీ నోరు పడిపోను, ఐలేశం! నువ్వు గొల్లోనివి గావా? నీ అయ్య కాసింది ఏనుగులనా?

ఎనుక బెంచీల ఎవడో సన్నగ గొర్రె లెక్క అరిచిండు. నలుగురు నవ్విండ్రు. పిల్లలకేం తెల్సు, పెద్దోళ్లు దారి చూపిస్తే నడుస్తరు. ఆఫీసరు గూడ నవ్వు ఆపుకోలేకపోయిండు.

"అవునామ్మా? నువ్వే రాశావా?"

త్రివేణి ఏడ్వలే. గౌను అంచు పట్టుకొని గుంజుకుంట సారు దిక్కే చూసింది. కోపంగ గాదు, లెక్క తప్పిందేమో అని మల్ల చూసుకున్నట్టు చూసింది. ఆఖరుకు, "అవ్ సార్. సార్ చెప్పలే. నేనే రాసిన," అన్నది. సారును కాపాడుతున్ననని అనుకున్నది పిచ్చి ముండ.

"కూర్చో," అన్నడు ఆఫీసరు. కాయితం మీద నాలుగు ముక్కలు రాసి, చాయ్ తాగి, కార్ల ఎక్కి పోయిండు. ఐలేశం కొలువు నిలిచింది.

రెండో దినం త్రివేణి రాలే. మూడో దినం కాటమయ్య వచ్చిండు, నెత్తికి తువ్వాల, భుజాన గొంగడి, చేతుల పిల్ల పుస్తకాల సంచి. సర్కారు పుస్తకాలు సర్కారుకు అప్పజెప్పాలంటరని తెచ్చిండు. రాంచందర్ సారు గది గడప బయట చెప్పులు ఇడిచి లోపలికి వచ్చి నిలవడ్డడు. లోపల ఐలేశం గూడ ఉన్నడు.

కొట్టనీకి వచ్చిండేమో అని ఐలేశం కుర్చీల బిగుసుకున్నడు. వచ్చింది కొట్టనీకి అయితే ఎంత బాగుండు!

"దండం సారూ," అన్నడు కాటమయ్య రాంచందర్ సారుతోటి. తర్వాత ఐలేశం దిక్కు తిరిగి, "బావా, నీకు గూడ దండమే. మంచి పని చేసినవ్," అన్నడు.

"ఏం జేసిన?"

"పిల్లకు సదువు ఎక్కదని చెప్పినవట గదా. ఎనిమిదేండ్ల నుంచి సార్లందరు మంచిగ సదువుతాంది, మంచిగ సదువుతాంది అనుకుంట నన్ను నమ్మిచ్చిండ్రు. నేను గొర్లను అమ్ముకొని పట్నం కాలేజీకి తోలుదామని గూడ అనుకున్న. నువ్వు మనోనివి కాబట్టి మొఖం మీద నిజం చెప్పినవ్. పరాయోళ్లు చెప్తరా?"

ఐలేశం కుర్చీలకెల్లి సగం లేచిండు. "అట్ల గాదు కాటమయ్యా..." అన్నడు.

రాంచందర్ సారు గట్టిగ దగ్గిండు.

ఒక్క మాట చాలు. అబద్ధమాడిన అంటే చాలు, ఆ మనిషి సంచి మల్ల భుజానికేసుకొని పిల్లను తోలుకొని వచ్చెటోడు. ఐలేశం రాంచందర్ సారు దిక్కు చూసిండు, బల్ల మీద ఉన్న హాజరు పుస్తకం దిక్కు చూసిండు. దాంట్ల తన పేరున్నది.

"ఏం గాదు తీ," అన్నడు. "ఏదో పని నేర్పు పిల్లకు."

"పనికేమున్నది. ఈ ఏడు మేత ముందుగాలనే అయిపోయింది, రేపే మందను తోలుకొని కృష్ణ ఒడ్డుకు పోతున్నం. పిల్ల ఈనిన గొర్లను చూసుకుంటది, దాని తల్లికి ఆసరయితది. అది ఒక్కటి అడుగుమన్నది బావా నిన్ను."

"ఏంది?"

"ఇంకోసారి పరీక్ష పెడితే, అసలు పేర్లు రాయనీకి వస్తనని చెప్పుమన్నది. ఎవరో నేర్పిండ్రట, అయిదు పేర్లు ఇప్పుడు వచ్చునట. నేనే వద్దన్న. పిల్ల ముచ్చట, నువ్వు మనసుల పెట్టుకోకు బావా," అని పుస్తకాల సంచి బల్ల మీద పెట్టి, మల్ల ఒకసారి దండం పెట్టి, చెప్పులేసుకొని పోయిండు.

రాంచందర్ సారు పుస్తకాలు చూసుకొని బీరువల పెట్టిండు. "పీడ పాయె," అన్నడు.

ఇంత జేసి కాపాడుకున్న కొలువు ఎన్ని దినాలుంది అనుకున్నరు? మార్చిల రోగమొచ్చి బడులు బందయినయి. మల్ల తెరిచినప్పుడు వలంటీర్లను ఎవ్వరూ పిలువలే. ఐలేశం ఇప్పుడు దేవరకొండల ఒక ఎరువుల దుకాణంల బస్తాలు లెక్కవెట్టుకుంట ఉన్నడు. ఎండకాలంల గొర్ల మందలు రోడ్డు దాటుతుంటే లోపలికి పోయి నిలవడుతడట. ఆ కత వేరే. కొలువు పోవుడు ఆయనకు అంత పెద్ద దెబ్బ గాదు. అసలు దెబ్బ అంతకు ముందే, డిసెంబరుల, తరగతి గదిల పడ్డది.

ఆ దినం బ్రెజిల్ పాఠం మల్ల మొదటి నుంచి చెప్పుమని హెడ్మాస్టరు అన్నడు. బయటికి పోలే. కట్టె పట్టలే. పుస్తకం తెరిచి, ముప్పయి మంది ముంగట, ఉన్నది ఉన్నట్టు చదివిండు. అమెజాన్ నది. బ్రెజిల్ పీఠభూమి. ఈశాన్య కరువు ప్రాంతం. ఇతైపు ఆనకట్ట. బ్రసీలియా. పిల్లలు చేతులు కట్టుకొని ఇన్నరు. ఒక్కడు గూడ పక్కోన్ని గిచ్చలే. ఎన్నడూ లేనిది ఇంత నిమ్మళంగ ఉన్నరేందని ఐలేశానికే ఏదోగయ్యింది.

"చెప్పుండ్రి మరి. బ్రెజిల్‌ల పెద్దనది ఏది?"

ఎవ్వరూ లేవలే.

"ఇప్పుడే గదా చదివిన! నువ్వు చెప్పురా."

మొదటి బెంచీల పోరడు లేచి నిలవడ్డడు. "తెల్వది సార్."

"నువ్వు?"

"తెల్వది సార్."

బెంచీ ఎనుక బెంచీ, లేచినోడల్ల అదే మాట. ఐలేశం పుస్తకం మూసిండు. పోనీ తేలికది అడుగుదామని, కండ్లు తెరిచిన నాటి నుంచి ఎరికైనది అడిగిండు.

"బ్రెజిల్ సంగతి ఇడిసిపెట్టుండ్రి. నందికొండ కాడ పారే నది పేరేంది?"

గా నది పేరు ముదిగుట్టల ముసలోళ్లకు తెల్సు, చంటిపిల్లలకు తెల్సు. ఈ పిల్లలు ఆ నది లెక్క బీడు పొంటి దుమ్ము లేపుకుంట ఉరికినోళ్లు. ఒక్కరి మొఖం ఒక్కరు చూసుకున్నరు. పెదవులు కదిలినయి గని మాట బయటికి రాలే.

ఆఖరుకు మూడో బెంచీల భద్రమ్మ అన్న పిల్ల లేచింది. త్రివేణి పక్కన కూసునే పిల్ల అది. బుద్ధిమంతురాలు, ఎన్నడూ ఎదురు మాట అనెటిది గాదు. ఇప్పుడు గూడ ఎదురు అనలే, మర్యాదగనే అడిగింది.

"మీరే బోర్డు మీద రాయుండ్రి సార్. రాసి కింద సంతకం పెట్టుండ్రి."

"సంతకం ఎందుకే?"

"రేపు ఎవరన్న వచ్చి అడిగితే, మీరు చెప్పలే అంటరు గదా సార్."

ఎవ్వడు నవ్వలే. ముప్పయి మంది నోటుబుక్కులు తెరుచుకొని, పెన్నులు పట్టుకొని ఎదురు చూస్తున్నరు. ఐలేశం బోర్డు దిక్కు తిరిగిండు. సుద్దముక్కతోటి "కృష్ణ" అని రాసిండు. దాని కింద సంతకం పెట్టిండు. పిల్లలు రెండూ ఎక్కిచ్చుకున్నరు.